పది నిమిషాల దాహం

విజయవాడ జంక్షన్ ప్లాట్‌ఫారం మీద కూల్‌డ్రింక్ ఫ్రిజ్ ఎలా ఉండాలి?

దక్షిణాదిలో రైలెక్కి దూరప్రయాణం చేసినవాళ్లలో విజయవాడ స్టేషన్లో దాహం తీర్చుకోనివాళ్లు అరుదు. చెన్నై నుంచి హౌరా వెళ్లే దారీ, ఢిల్లీ వెళ్లే దారీ ఇక్కడే చీలిపోతాయి. సికింద్రాబాద్, గుంటూరు, గుడివాడ వైపు బండ్లూ ఇక్కడికే చేరతాయి. చెన్నై వైపు నుంచి వచ్చే రైలు కృష్ణ వంతెన దాటి వేగం తగ్గించిందంటే చాలు, సగం బోగీ లేచి నిలబడుతుంది. దూరప్రాంత రైళ్లు చాలావరకు ఇక్కడ పది నిమిషాలు ఆగుతాయి. నీళ్ల సీసా, భోజనం పొట్లం, పిల్లలకు జ్యూసు, పెద్దాయనకు మజ్జిగ, అన్నీ ఆ పది నిమిషాల్లోనే కావాలి. బండి ఆలస్యంగా నడుస్తుంటే ఆ కాస్త సమయమూ చిక్కదు.

మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఈ ఊరికి ‘బ్లేజ్‌వాడ’ అన్న పేరు ఊరికే రాలేదు. అలాంటి మధ్యాహ్నం ప్లాట్‌ఫారం మీదకు దిగినవాడి కళ్లు మొదట వెతికేది గాజు తలుపు ఫ్రిజ్‌నే. కంపెనీలవాళ్లు దాన్ని విజీ కూలర్ అంటారు. జనం మాత్రం కూల్‌డ్రింక్ ఫ్రిజ్ అనే అంటారు. దాన్ని ఆకట్టుకునేలా తయారుచేయడం ఒక పెద్ద విద్య. ఆ విద్యకు విజయవాడ స్టేషన్‌కు మించిన పరీక్ష కేంద్రం మన దగ్గర మరొకటి ఉండదు.

కిటికీలోంచి చూపు

వీధి దుకాణానికి వచ్చే మనిషి నడిచొస్తాడు, నిలబడతాడు, నాలుగు వైపులా చూస్తాడు. రైలు ప్రయాణికుడికి ఆ తీరిక లేదు. స్లీపర్ బోగీలో ఉన్నవాడు ఇనుప చువ్వల మధ్య నుంచి చూస్తాడు. ఏసీ బోగీ అద్దం తెరుచుకోదు కాబట్టి అక్కడివాడు తలుపు దగ్గరికి వచ్చి తొంగిచూస్తాడు. బండి ఇంకా కదులుతుండగానే ఏ స్టాల్ వైపు పరుగెత్తాలో తేల్చుకుంటాడు. పైగా ఇక్కడ దిగేవాళ్లలో బెంగాలీలు, ఒడియావాళ్లు, తమిళులు, ఢిల్లీ వైపు వాళ్లు ఎందరో. తెలుగు రాదు, అడగడానికి మొహమాటం. అందుకే ఇక్కడి ఫ్రిజ్ మూడు సంగతులు అడక్కుండానే చెప్పాలి: ఏముంది, చల్లగా ఉందా, ఎంత. ఈ మూడూ నాలుగు బారల దూరం నుంచి తెలిస్తే అది మంచి ఫ్రిజ్. ఎన్ని రంగుల స్టిక్కర్లు అంటించినా ఈ మూడూ తెలియకపోతే ఆ డబ్బు దండగ.

రెండు పట్టాల మధ్య ఉండే ప్లాట్‌ఫారంలో స్టాల్ నడిమధ్యన ఉంటుంది. అటు ఆగిన బండికీ, ఇటు ఆగిన బండికీ కనిపించాలి. ఒకవైపే గాజు ఉన్న ఫ్రిజ్ పెడితే రెండోవైపు ప్రయాణికుడికి దాని ఇనుప వీపే కనిపిస్తుంది. ఇలాంటి చోట స్టాల్ చివర, పట్టాలకు అడ్డంగా ఫ్రిజ్ నిలబెడితే నడిచొచ్చేవాళ్లందరికీ ముఖం చూపిస్తుంది. ఫ్రిజ్ ఎంత ఖరీదైనదన్న దానికన్నా ఎటు తిరిగి నిలబడిందన్నదే ముఖ్యం.

మరో చిక్కు పగటి వెలుగు. మిట్టమధ్యాహ్నం గాజు తలుపు అద్దంలా మారిపోతుంది. ఎదురుగా ఆగిన బోగీ, దాని పైన తెల్లగా మెరిసే ఆకాశం అందులో కనిపిస్తాయి, లోపలి సీసాలు మాత్రం కనిపించవు. లోపల దీపాల వెలుగు ఆ ప్రతిబింబాన్ని మించితే తప్ప సరుకు బయటపడదు. ఎండతో దీపం పోటీపడలేదు కాబట్టి ఫ్రిజ్‌ను స్టాల్ చూరు కిందికి ఒక మూర లోపలికి జరపడమే మేలైన ఉపాయం. రాత్రి వ్యవహారం తిరగబడుతుంది. గాజు వెనుక వెలిగే అరలే దూరం నుంచి స్టాల్‌ను పట్టిస్తాయి.

గోలీసోడా నుంచి గాజు తలుపు దాకా

కనిపించేలా పెట్టి అమ్మడం ఫ్రిజ్‌తో పుట్టిన తెలివి కాదు. 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంట్ పొందిన గోలీ సీసా మన ఊళ్లకు వచ్చి గోలీసోడా అయింది. మెడ దగ్గర నొక్కు, లోపల గాజు గోళీ, నొక్కగానే వచ్చే ఆ చప్పుడు. చూపునూ చెవినీ కలిపి పిలిచే సీసా అది. ఆ తర్వాత ఐస్ గడ్డలు వేసిన రేకు తొట్లు వచ్చాయి. నీళ్లు గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. అందుకే తొట్టిలో సీసా త్వరగా చల్లబడేది. కానీ మూతలు తప్ప ఏమీ కనిపించేవి కావు.

అమెరికాలో కోకకోలా కంపెనీ 1929లో ఇండియానా రాష్ట్రంలోని గ్లాస్‌కాక్ సంస్థ చేత ఒకే నమూనా ఐస్ పెట్టె తయారుచేయించి దుకాణాలకు అందించింది. కాళ్ల మీద నిలబడిన ఆ ఎర్ర పెట్టె నాలుగు వైపులా కంపెనీ పేరే. అమ్మే చోటే ప్రకటన కూడా ఉండాలన్న ఆలోచన అలా స్థిరపడింది. మన దేశంలో 1977లో కోకకోలా వెళ్లిపోయింది. అదే ఏడాది థమ్సప్ వచ్చి ఆంధ్ర దేశాన్ని గెలుచుకుంది. 1990లో పెప్సీ అడుగుపెట్టింది, 1993లో కోకకోలా తిరిగొచ్చి థమ్సప్‌ను కొనేసింది. ఆ పోటీలోనే గాజు తలుపు ఫ్రిజ్ చిన్న ఊళ్ల కిళ్లీకొట్టు దాకా పాకింది. కంపెనీ ఫ్రిజ్ ఇస్తుంది. బదులుగా అందులో తన సరుకే ఉండాలంటుంది. దుకాణదారుకు పెట్టుబడి తప్పుతుంది గానీ ఏది ముందు కనిపించాలో నిర్ణయించే హక్కు చేజారుతుంది.

చెమటపట్టే గాజు

విజయవాడలో ఫ్రిజ్‌కు పెద్ద శత్రువు ఎండ అనుకుంటాం. చూపుకు సంబంధించినంతవరకు తేమే దానికన్నా పెద్ద శత్రువు. గాలి వేడి 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న సాయంత్రం 29 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీటి పొర కడుతుంది. ఒంటిపొర గాజు తలుపు అంతకన్నా చల్లబడక తప్పదు. క్షణంలో గాజంతా పాలరంగు పొగ. లోపల థమ్సప్ ఉందో సోడా ఉందో తెలియదు. స్టాల్ కుర్రాడు పిడికి వేలాడే గుడ్డతో తుడుస్తాడు. గుడ్డ నడిచిన మేర విల్లులాంటి చార తేటపడుతుంది, దాని కింద అంచున నీళ్లు బొట్లుబొట్లుగా జారి రబ్బరు మీద నిలుస్తాయి. మరో నలుగురికి తలుపు తీసి మూసేసరికి మళ్లీ పొగ.

దీనికి మందు రెండు పొరల గాజు. పొరల మధ్య ఆర్గాన్ వాయువు నింపి, లోపలి వైపు వేడిని వెనక్కి తిప్పే సన్నటి పూత వేస్తే బయటి గాజు వెచ్చగా ఉంటుంది. తలుపు చట్రంలో సన్నని వేడి తీగలు పెట్టే పద్ధతీ ఉంది. దానికి కరెంటు ఖర్చవుతుంది కాబట్టి తేమను బట్టి వెలిగి ఆరేలా అమర్చాలి. దుకాణాల ప్రదర్శన ఫ్రిజ్‌లకు ఐఎస్‌వో 23953 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఐదో తరగతి పరీక్ష 40 డిగ్రీల వేడి, 40 శాతం తేమలో జరుగుతుంది. ఏడో తరగతిది 35 డిగ్రీలు, 75 శాతం తేమ. విజయవాడ మే మధ్యాహ్నం మొదటిదాన్ని దాటిపోతుంది, వానాకాలపు సాయంత్రం రెండోదానికి దగ్గరగా వస్తుంది. ఏసీ మాల్ కోసం చేసిన ఫ్రిజ్‌ను తెచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబెడితే అది పగలు చల్లబరచలేదు, సాయంత్రం కనిపించలేదు.

చల్లదనం రుచికీ సంబంధించిన సంగతి. గ్యాస్ డ్రింకుల్లోని కార్బన్ డయాక్సైడ్ చల్లటి నీటిలోనే బాగా కరుగుతుంది. 40 డిగ్రీల నీటిలో కరిగేది సున్నా డిగ్రీల్లో కరిగేదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. అందుకే వెచ్చటి సీసా మూత తీయగానే నురగ పొంగి చేతి మీద కారుతుంది, గొంతులో మాత్రం చురుకుండదు. జనం ‘కూలింగ్ ఉందా?’ అని రెండుసార్లు అడిగేది ఇందుకే.

ఏ అరలో ఏది?

ఇక సర్దుబాటు. నీళ్ల సీసాను ఎవరూ వెతకరు, అడిగి తీసుకుంటారు. అది కింది అరలో ఉన్నా అమ్ముడుపోతుంది. బరువు కూడా కిందే ఉండాలి. మజ్జిగ, లస్సీ, బాదంపాలు అలా కాదు. ఉన్నాయని కళ్లకు కనిపిస్తేనే గుర్తొస్తాయి. కంటి ఎత్తు అర వాటికి ఇస్తే దాహానికీ మేలు, కృష్ణా మిల్క్ యూనియన్ విజయ మజ్జిగ, వడ్లమూడి సంగం డెయిరీ లస్సీ వంటి ఇంటి సరుకుకూ మేలు. గోదావరి జిల్లా రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ లాంటి మన డ్రింకు పక్కవాళ్లకు పరిచయం కావాలన్నా చూపు ఆగే చోటే కావాలి.

దీపం పెట్టే తీరూ తెలియాలి. వెనుక నుంచి వెలుగిస్తే మామిడి రసం, నారింజ, నిమ్మ డ్రింకులు దీపాల్లా వెలుగుతాయి. చిత్తూరు తోతాపురి గుజ్జు రంగు ఆ వెలుగులో చూడాల్సిందే. కోలా మాత్రం నల్లటి నీడగా మిగిలిపోతుంది. తలుపు పక్క నిలువు కమ్మీల్లో ఎల్ఈడీ పట్టీలు పెట్టి ముందు నుంచి వెలుగు పడేలా చేస్తే లేబుళ్లు చదవొస్తాయి. పాత ట్యూబ్‌లైట్ చలికి మసకబారుతుంది, పైగా తన వేడిని లోపలే వదులుతుంది. ఎల్ఈడీకి ఆ రెండు బెడదలూ తక్కువ.

ఒకే రకం సీసాలు పైనుంచి కిందికి నిలువు వరుసగా ఉంటే దూరం నుంచి రంగు పట్టీలా కనిపిస్తాయి. అడ్డంగా ఒక్కో అరకు ఒక్కో రకం పెడితే కింది అర సరుకు మనుషుల వెనుక దాగిపోతుంది. వరుసలో ఖాళీలు ఉండకూడదు. అలాగని గాలి తిరిగే సందు కూడా లేకుండా కుక్కకూడదు. లోపలి ఫ్యాన్ చల్లగాలిని అరల సందుల్లోంచి పైకీ కిందికీ తిప్పుతుంది. తీగల అరల మీద అట్టముక్క పరిచి సర్దితే పైన గడ్డ కడుతుంది, కింద వేడెక్కుతుంది. కొత్త సరుకు వెనుక పెట్టి చల్లబడినవి ముందుకు జరపడం ప్రతి స్టాల్‌వాడికీ తెలిసిన నియమమే. వరుసగా బండ్లు దిగిన గంటలో దాన్ని పాటించడమే కష్టం. అర ముందుకు వాలుగా ఉంటే సీసాలే జారి ముందుకొస్తాయి, ఆ కష్టం తప్పుతుంది.

దుమ్ము, రబ్బరు, గ్యాసు

ప్లాట్‌ఫారం దుమ్ములో బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి కూడా ఉంటుంది. చాలా ఫ్రిజ్‌లకు వేడిని బయటికి వదిలే కండెన్సర్ అడుగునే ఉంటుంది. ఆ దుమ్మంతా దాని రేకుల మధ్య చేరుతుంది. నెలకోసారి బ్రష్ పెట్టి దులపకపోతే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, చల్లదనం మాత్రం రాదు. తలుపు రబ్బరు పరీక్షకు మెకానిక్ అక్కర్లేదు. పది రూపాయల నోటు తలుపు సందున పెట్టి మూసి లాగాలి. బిగువుగా వస్తే రబ్బరు మంచిది, జారిపోతే చల్లగాలి కూడా అలాగే పోతున్నట్టు.

లోపల తిరిగే గ్యాసూ మారుతోంది. ఇంతకాలం వాడిన ఆర్-134ఏ బయటికి పోతే కిలోకు కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,400 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. దాని స్థానంలో వస్తున్న ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంటగ్యాస్‌లో ఉండేదే. వేడెక్కించే గుణం చాలా తక్కువ, కరెంటూ ఆదా. మండే గుణం ఉంది కాబట్టి తక్కువ మోతాదులో నింపుతారు, తెలిసిన మెకానికే ముట్టుకోవాలి. ఆర్-134ఏ లాంటి వాయువుల వాడకం తగ్గించే కిగాలీ ఒప్పందాన్ని భారత్ 2021లో ఆమోదించింది. కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు వెనుక ఉన్న చీటీ చదివి కొనడం మన చేతిలో పని.

ధర కూడా కనిపించాలి

అన్నీ కుదిరినా ధర దాస్తే ఆ ఫ్రిజ్ నమ్మకం పోగొట్టుకుంటుంది. కూలింగ్ పేరుతో ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ వసూలు చేయడం తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. బండి కదిలిపోతుందన్న కంగారులో ఉన్నవాడు చిల్లర లెక్క చూసుకోడు. ఆ కంగారును సొమ్ము చేసుకోవడం అన్యాయం. ప్రతి అర అంచున పెద్ద అంకెల్లో ధర రాసి ఉంటే భాష తెలియని ప్రయాణికుడు కూడా సరిగ్గా చిల్లర తీసి పట్టుకుని వస్తాడు, అమ్మేవాడికి మరో నలుగురిని చూసుకునే సమయం మిగులుతుంది. తేడా వస్తే రైల్వే 139 నంబరు ఎలాగూ ఉంది. ఆ అవసరం రాకుండా చేసేదే మంచి డిజైన్.

స్టాళ్లకు లైసెన్సు ఇచ్చేటప్పుడు రైల్వే ఫ్రిజ్ సంగతి కూడా నిబంధనల్లో రాయాలి. రెండు పొరల గాజు ఉండాలి, ఈ ఊరి వేడినీ తేమనూ తట్టుకున్నట్టు పరీక్ష పత్రం ఉండాలి, అర అంచున ధర ఉండాలి, కంటి ఎత్తున ఒక వరుస స్థానిక పాలు, మజ్జిగలకు దక్కాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన కోరికలు కావు. డిజైనర్లకు కూడా ఒక మాట. మీ కొత్త నమూనాను ఏసీ గదిలో చూసి సరేననకండి. మే నెలలో ఒక పూట విజయవాడ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టండి. ఆగిన బండి కిటికీలోంచి చూసినవాడు ఏముందో, ఎంతో గుర్తుపట్టి, దిగి, కొనుక్కుని, తాగి తిరిగి ఎక్కగలిగితే మీ పని నెగ్గినట్టే.