మస్టరులో కనబడని యజమాని

పదో తరగతి సెలవుల్లో ఒకనాడు తెల్లవారుజామునే అమ్మతో మస్టరుకు వెళ్లాను. కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో ఆమె వీధులు ఊడ్చేది. కాంట్రాక్టరు మనిషి జీతాల రిజిస్టరులో వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెట్టాడు. "ఎంత రాసుందిరా అందులో?" అని అమ్మ మెల్లగా అడిగింది. రాసినదానికీ ఇచ్చినదానికీ పొంతన లేదు. ఆ మాట నేను పైకి అన్నందుకు మర్నాడు అమ్మను పనిలోకి రావద్దన్నారు. వారం తరువాత మళ్లీ పిలిచారు. ఆ వారం కూలి గురించి ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోలేదు. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన వేతనాన్ని ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. అమ్మకు ఆ యజమాని ఎన్నడూ ఎదురుపడలేదు.

ఆమె 1990లో దినకూలీగా చేరింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ల సర్వీసు నిండినవారినే క్రమబద్ధీకరించాలని 1994లో 212వ నంబరు జీవో నిర్ణయించింది. అమ్మకు రెండేళ్లు తక్కువ. ఆ తరువాత పని కాంట్రాక్టుకు పోయింది. చీపురు మాత్రం మా వాడలోనే ఉండిపోయింది. పర్మినెంటు కొలువైతే రోస్టరు, పదోన్నతి, పింఛను ఉంటాయి. పనివాడు చనిపోతే కారుణ్య నియామకంతో బిడ్డ ఆఫీసు గదిలో అడుగుపెట్టే దారి ఉంటుంది. టెండరులో ఉండేది రేటు మాత్రమే. కులం అంటగట్టిన పని అలాగే ఉంది, ఆ పనితో రావలసిన హక్కులు మాత్రం జారిపోయాయి. ప్రతిభ గురించి గొంతు చించుకునేవారెవరూ ఈ కొలువుల్లో వాటా అడగగా నేను వినలేదు.

2020 జూలైలో ఆప్కాస్ వచ్చింది. దళారిని తప్పించి జీతం నేరుగా ఖాతాలో వేయడం చిన్న మేలు కాదు. అమ్మ వేలిముద్ర చూసినవాడిగా ఆ మాట ఒప్పుకుంటాను. అయితే తాత్కాలిక ఉద్యోగులకు సైతం సమాన పనికి సమాన వేతనం దక్కాలని సుప్రీంకోర్టు 2016లోనే జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. అదే వేతనం కోసం, పర్మినెంటు కోసం 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. సంక్షేమ పథకాల దగ్గర తమను ప్రభుత్వ ఉద్యోగులంటున్నారని, పర్మినెంటు అడిగితే ఔట్‌సోర్సింగ్ అంటున్నారని వారు మొత్తుకున్నారు.

నిరుడు మా శాఖలో చేరిన ఒక విద్యార్థిని దరఖాస్తు పట్టుకుని నా గదికి వచ్చింది. వాళ్లమ్మ విజయవాడలో రోడ్లు ఊడుస్తుంది. తల్లి ఉద్యోగం ప్రభుత్వమా, ప్రైవేటా అని ఫారం అడుగుతోంది. "ఏం రాయమంటారు సార్?" అంది. 'పారిశుధ్య కార్మికురాలు' అని రాయించి, ఆ రెండు గడులనూ ఖాళీగా వదిలేయమన్నాను.