మొరాయించిన నాలుగో బోల్టు

2009 మే 17. భూమికి దాదాపు 560 కిలోమీటర్ల ఎత్తున, హబుల్ టెలిస్కోపు దగ్గర వ్యోమగామి మైక్ మాసిమినో ఒక బోల్టు తిప్పుతున్నాడు. పనిముట్టు తిరుగుతోంది, బోల్టు మాత్రం కదలడం లేదు. తల అరిగిపోయింది. పాత ఇంజన్ విప్పిన ఏ మెకానిక్‌కైనా ఈ ఘడియలో గుండె జారుతుంది.

హబుల్‌లో 1997లో అమర్చిన, నక్షత్రాల వెలుగును చదివే స్పెక్ట్రోగ్రాఫ్ 2004లో విద్యుత్ సరఫరా చెడి మూగబోయింది. దాన్ని తెరవాలంటే 111 చిన్న స్క్రూలు తీయాలి. అవి తేలిపోకుండా పట్టే పలకను ముందే బిగించాలి. ఆ పలకకు అడ్డంగా, నాలుగు బోల్టుల మీద ఒక చేతిపట్టు ఉంది. మూడు వచ్చేశాయి, నాలుగోది మొరాయించింది.

తల ఎందుకు అరుగుతుంది? పానాకూ బోల్టుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాల్సిందే, లేకపోతే పానా ఎక్కదు. తిప్పగానే ఆ సందు మేరకు పానా ఒరుగుతుంది. అప్పుడు బలం ముఖాల మీద పరుచుకోక మూలల మీదే పడుతుంది. మూల నలిగితే సందు పెరుగుతుంది, సందు పెరిగితే మూల ఇంకా నలుగుతుంది. పానా బయటినుంచి పట్టినా, తల మధ్య గుంటలో దూరినా ఇదే వరస. అందుకే ఒకసారి జారిన పానాతో మళ్లీ బలం పెట్టవద్దని గట్టిగా చెబుతాను. పన్నెండు మూలల సాకెట్టు పక్కన పెట్టి, ముఖాలను పట్టే ఆరు మూలలది అందుకోవాలి.

నేల మీద మన అసలు శత్రువు తుప్పు. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. మరల మధ్య అంత చోటెక్కడిది? అందుకే బిగుసుకుపోతుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు మీది నట్టును మాత్రమే 300 డిగ్రీలు వేడెక్కిస్తే, దాని రంధ్రం పెరిగేది 0.04 మిల్లీమీటర్లు, కాగితం మందంలో సగం కూడా ఉండదు. అయినా చాలు, తుప్పు పొర పగులుతుంది. మంట ఆర్పి, చల్లారాక పలచటి నూనె వేస్తే, దీపం వత్తిలోకి ఎక్కినట్టు ఆ పగుళ్లలోకి పాకుతుంది. తల పూర్తిగా గుండ్రమైపోతే దాని మీద కొత్త నట్టును వెల్డింగ్ చేస్తారు. పానాకు కొత్త మూలలు దొరుకుతాయి, కింద మరలకు వేడీ తగులుతుంది.

హబుల్ దగ్గర మంట, నూనె కుదిరే పని కాదు. మేరీల్యాండ్‌లోని గొడార్డ్ కేంద్రంలో ఇంజినీర్లు అలాంటి చేతిపట్టునే ఒక్క బోల్టుతో నిలిపి, లాగి కొలిచారు. సుమారు 60 పౌండ్ల లాగుడుకు, అంటే 27 కిలోల బరువంతకు, ఊడొచ్చింది. మూడు బోల్టులు పోయాక ఆ చేతిపట్టే మీటగా మారింది. వదులు కొసను లాగితే బలం పెరిగి మిగిలిన బోల్టు దగ్గరికి చేరుతుంది.

ముక్కలు ఎగిరిపోకుండా టేపు చుట్టి మాసిమినో లాగాడు. ఊడొచ్చింది. తర్వాత 111 స్క్రూలూ తీశారు, చెడిన విద్యుత్ సరఫరా కార్డు మార్చారు. లోపలికి వచ్చేసరికి 8 గంటల 2 నిమిషాలు గడిచాయి. దాదాపు అయిదేళ్లు మూగబోయిన స్పెక్ట్రోగ్రాఫ్ మళ్లీ నక్షత్రాల వెలుగును చదవసాగింది.