కారులో వినికిడి: స్పీకరు చేయు పని, తలుపు చేయు పని

మృదంగమునందలి తొప్పి నాదమును, వలంతల పలుకును వేర్వేరుగ శ్రోతకు చేరవలెనని స్టూడియోలో మేము మైక్రోఫోనును జానెడిటు, జానెడటు జరిపి చూచుచుందుము. ఇంత శ్రమతో పంపిన నాదము కారులో వినునపుడు తొప్పి మాయమై, వలంతల మాత్రము రేకుడబ్బాలోని గులకరాళ్లవలె వినబడుట పెక్కుమందికి అనుభవమే. మాలో నొకరు ఈ బాధకోర్వలేక, కారుతో వచ్చిన స్పీకర్లను తీసివేసి క్రొత్తవి కొన నిశ్చయించిరి. కొనుటకు ముందు తలుపు విప్పి చూతమని మేమంటిమి.

స్పీకరులోని గరాటు ముందునకు కదలినపుడు ఎదుటి గాలి ఒత్తుకొనును. అదే క్షణమున వెనుక గాలి పలుచబడును. ఈ రెండును కలిసినచో ఒకదానినొకటి చెరపుకొనును. 100 హెర్ట్జుల మంద్రనాదమునకు తరంగము సుమారు 3.4 మీటర్ల పొడవు. తలుపు లోపలి రేకునందలి రంధ్రములగుండ వెనుకనుండి ముందునకు వచ్చు జానెడు త్రోవ దానికొక లెక్క కాదు. హెచ్చు శ్రుతుల తరంగములు పొట్టివి గనుక వానికి నష్టము స్వల్పము. తొప్పి పోయి వలంతల మిగులుటకు కారణమిదియే. వీణకు కుండ యెట్టిదో స్పీకరునకు తలుపట్టిది. బీటవారిన కుండతో వీణ పలుకునా?

చికిత్స సులభము. లోపలి రేకు రంధ్రములను బ్యూటైలు రబ్బరు పట్టీలతో మూయవలెను. వెలుపలి రేకునకు లోపలివైపున వానినే అంటించినచో అది కంచుపళ్లెమువలె అదరదు. తలుపు అడుగున వాననీరు పోవు తూములను మాత్రము మూయరాదు. మూసినచో తుప్పు పట్టును. కొన్ని కార్లలో ప్రక్క గాలిసంచుల పీడనమాపకము తలుపులోనే యుండును. అట్టి కార్లలో ఈ పనిని తెలిసిన మెకానిక్కునకు విడుచుట మేలు.

మా మిత్రుని కారులో మరియొక దోషము కనబడినది. పూర్వమెవరో మరమ్మతు చేయుచు ఒక స్పీకరు తీగలను తారుమారు చేసిరి. ఒక గరాటు ముందునకు పోవునపుడు రెండవది వెనుకకు పోవుచుండెను. దీనిని చెవితోనే కనుగొనవచ్చును. కుడియెడమల ధ్వనిని సమముగా నుంచి ఒకే వ్యక్తి ప్రసంగమును వినుడు. గొంతు ఎదుట నిలువక చెదరినట్లు తోచినచో, ఒక్క స్పీకరు తీగలను మార్చి చూడవలెను.

ఇక శక్తి మాట. పెట్టెపై 50 వాట్లని యున్నను, 14 వోల్టుల కారు విద్యుత్తుతో నేరుగా నడచు సెట్టునుండి 4 ఓముల స్పీకరునకు శుద్ధముగా లభించునది 20 వాట్ల ప్రాంతము. శక్తిని రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచవలెనన్న సుమారు 10 రెట్ల శక్తి కావలెను. మంద్రమునకై మీట తుదివరకు త్రిప్పినచో నాదము పెరుగక బొంగురుపోవును.

ఇది సంగీతాభిరుచికి మాత్రమే సంబంధించినది కాదు. మాట స్పష్టపడక శ్రోత ధ్వనిని పెంచును. వెనుక వచ్చు అంబులెన్సు మ్రోత అందు మునుగును. చెవికిని కీడే. 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చుననియు, 90 అయినచో 4 గంటలే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది.

మా మిత్రుడు క్రొత్త స్పీకర్లు కొనలేదు. రెండు సాయంకాలముల పనితో తొప్పి తిరిగి వినవచ్చినది. ధ్వని మీటను ఆయన ఇపుడు మునుపటికంటె తక్కువలోనే యుంచుచున్నారు.