లాసెట్ మాక్ టెస్టుల్లో 60 దగ్గరే ఆగిపోయారా? పోయిన మార్కులు ఎక్కడున్నాయో ఇలా పట్టుకోండి

ఈ ఎపిసోడ్ లాసెట్ రాయబోయేవాళ్ల కోసం. డిగ్రీ అయిపోయి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేద్దామనుకునేవాళ్లకీ, ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సు చూస్తున్నవాళ్లకీ పనికొస్తుంది.

ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మొబైల్ షాపులో పనిచేసే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నాది బీకామ్ అయిపోయింది. పొద్దున షాపు తెరిస్తే రాత్రి దాకా కౌంటర్ మీదే. నెల రోజుల్లో పన్నెండు మాక్‌లు రాశాను. 61, 59, 62... అక్కడే తిరుగుతోంది. ఉస్మానియా కాలేజీలో కన్వీనర్ సీటు వస్తేనే చదవగలను. ప్రైవేటు ఫీజు మా ఇంట్లో కట్టలేరు. ఇంకో నాలుగు పుస్తకాలు కొనమంటారా?"

తమ్ముడూ, ఇప్పుడే ఏమీ కొనకు. చేతికొచ్చిన 62 సంగతి పక్కన పెట్టి, రాని 58 ఎక్కడికి పోయాయో ముందు చూద్దాం. అందరూ ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి.

ముందు పరీక్ష లెక్క

తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున లాసెట్‌ని ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తోంది. కంప్యూటర్ మీద రాసే పరీక్ష. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. పార్ట్-ఎ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ: 30. పార్ట్-బి కరెంట్ అఫైర్స్: 30. పార్ట్-సి లా ఆప్టిట్యూడ్: 60. అంటే సగం పేపర్ పార్ట్-సిలోనే ఉంది. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ర్యాంకు తేల్చడానికి ముందు చూసేది కూడా పార్ట్-సి మార్కులే.

క్వాలిఫై కావడానికి 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. కాబట్టి 62 వస్తున్నవాళ్లకు క్వాలిఫై అవుతామా లేదా అన్న భయం అక్కర్లేదు. కోరుకున్న కాలేజీ వస్తుందా లేదా అన్నది మాత్రం ర్యాంకు తేలుస్తుంది. అక్కడ ఒక్కో మార్కుకీ విలువుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. లాసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. శామీర్‌పేటలోని నల్సార్ లాంటి నేషనల్ లా యూనివర్సిటీల కోసం రాసే క్లాట్ వేరే పరీక్ష. అందులో పెద్ద పెద్ద పేరాలిస్తారు, రెండు గంటల టైముంటుంది, తప్పుకి పావు మార్కు కోస్తారు. కొందరు లాసెట్ కోసం క్లాట్ మాక్‌లు రాస్తుంటారు. దాంతో డౌటున్న ప్రశ్న వదిలేసే అలవాటు పడుతుంది. లాసెట్‌లో ఆ అలవాటు మార్కులు తినేస్తుంది.

58 మార్కుల పోస్ట్‌మార్టం

ఆ తమ్ముడి 62 మార్కుల మాక్ తెప్పించుకుని, తనతో ఫోన్లో మాట్లాడుతూ ప్రతి ప్రశ్నా చూశాం. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే ముందు అది ఏ రకం బగ్గో రాసుకుంటాం, ఆ తర్వాతే కోడ్ ముట్టుకుంటాం. ఇక్కడా అదే పద్ధతి.

58లో 17 ఖాళీగా వదిలేసినవి. మిగతా 41 తప్పు పెట్టినవి. ఆ 41ని మూడు రకాలుగా విడగొట్టాం.

మొదటి రకం: అస్సలు తెలియనివి. ఇవి 19. ఎక్కువ భాగం కరెంట్ అఫైర్సే.

రెండో రకం: రెండు ఆప్షన్ల మధ్య ఊగి తప్పు దాని మీద నొక్కినవి. ఇవి 9.

మూడో రకం: తెలిసి కూడా తప్పినవి. తొందరలో సగమే చదవడం, ఒకటి అనుకుని ఇంకోటి నొక్కడం. ఇవి 13!

ఇక ఖాళీ వదిలేసిన 17లో 11 ప్రశ్నలు పార్ట్-సి చివర్లోవి. పార్ట్-ఎ నుంచి వరసగా రాసుకుంటూ వచ్చాడు, లెక్కల దగ్గర టైమంతా కరిగిపోయింది, ఆ 11 కనీసం తెరవలేదు. తర్వాత తీరిగ్గా చేయమంటే 6 కరెక్టుగా చెప్పాడు.

ఇప్పుడు కూడండి. తెరవని వాటిలో తెలిసినవి 6. తెలిసి తప్పిన 13లో సగం కాపాడుకున్నా 6. మిగిలిన 11 ఖాళీలకు ఏదో ఒక ఆప్షన్ పెడితే, నాలుగింటికి ఒకటి చొప్పున సగటున 2 దాకా తగులుతాయి. మొత్తం 14. కొత్తగా ఒక్క పేజీ చదవకుండానే 62 కాస్తా 76 దగ్గరికి వస్తుంది. పన్నెండు మాక్‌లు రాసినా మార్కు కదలకపోవడానికి కారణం ఇదే. మాక్ రాస్తున్నాడు, స్కోరు చూస్తున్నాడు, బాధపడుతున్నాడు, ఇంకో మాక్ ఓపెన్ చేస్తున్నాడు. పేపర్ మారుతోంది గానీ అవే తప్పులు మళ్లీ జరుగుతున్నాయి.

మీ నోట్‌బుక్‌లో ప్రతి మాక్‌కీ నాలుగు గడులు గీయండి: తెలియదు, ఊగాను, తెలిసి తప్పాను, టైం లేదు. ప్రతి పోయిన మార్కూ ఒక గడిలో పడాలి. ఏ గడి నిండిందో దాని మందే వాడండి.

తెలుగులో 'కాదు' చివర్లో ఉంటుంది

తెలిసి తప్పే ప్రశ్నల్లో పెద్ద భాగం ఈ రకం: "కింది వాటిలో ప్రాథమిక హక్కు కానిది ఏది?" ఆప్షన్లలో సమానత్వ హక్కు, మత స్వేచ్ఛ హక్కు, ఆస్తి హక్కు, రాజ్యాంగ పరిహార హక్కు. 'ప్రాథమిక హక్కు' అన్న మాట కనపడగానే చెయ్యి మొదటి ఆప్షన్ మీదికి పోతుంది. జవాబేమో ఆస్తి హక్కు. 1978లో 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసింది. ఇప్పుడది ఆర్టికల్ 300-ఎ కింద ఉంది.

మన భాషలో 'కాదు', 'కానిది', 'లేనిది' వాక్యం చివర్లో వస్తాయి. సగం చదివి నొక్కేస్తే అసలు ప్రశ్న చదవనట్టే. అందుకే ఒక రూల్ పెట్టుకోండి. ముందు ప్రశ్నలోని చివరి రెండు మాటలు, ఆ తర్వాత మొత్తం ప్రశ్న, ఆ తర్వాతే ఆప్షన్లు.

పేపర్ ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో కూడా ఉంటుంది. తెలుగు మీడియం వాళ్లకు అది మంచిదే, కానీ లా మాటలు తెలుగులో గట్టిగా ఉంటాయి. కాలేజీలో హెబియస్ కార్పస్ అని విన్నది పేపర్లో బందీ ప్రత్యక్ష అని కనపడుతుంది. మాండమస్ అంటే పరమాదేశ, సెర్షియోరరీ అంటే ఉత్ప్రేషణ, కో వారంటో అంటే అధికార పృచ్ఛ. రెండు కాలమ్‌లు గీసి, రోజుకు అయిదు మాటలు పక్కపక్కన రాసుకోండి. ఒక భాషలో అర్థం కాకపోతే రెండో భాషలో చూడండి. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివితే మాత్రం టైం చాలదు.

90 నిమిషాలు, మూడు రౌండ్లు

90 నిమిషాల్ని 120 ప్రశ్నలకు పంచితే ఒక్కోదానికి 45 సెకన్లు. మొదటి రౌండ్ 60 నిమిషాలు. పార్ట్-సితో మొదలుపెట్టండి, తర్వాత బి, చివర్లో ఎ. ప్రశ్నకు సగటున 30 సెకన్లే. తెలిస్తే పెట్టండి, ఊగితే రివ్యూకి మార్క్ చేసి ముందుకెళ్లండి. కరెంట్ అఫైర్స్ తెలిస్తే పది సెకన్లలో అయిపోతుంది, తెలియకపోతే పది నిమిషాలు కూర్చున్నా రాదు. లెక్కలు అలా కాదు, కూర్చుంటే వస్తాయి. అందుకే వాటిని చివరికి ఉంచాలి.

రెండో రౌండ్ 20 నిమిషాలు, మార్క్ చేసిన వాటి మీద. ఇక్కడ ఆప్షన్లు కొట్టేసుకుంటూ రండి. ఒకటి కొట్టేస్తే మూడింట ఒక వంతు అవకాశం, రెండు కొట్టేస్తే సగానికి సగం.

ఆఖరి 10 నిమిషాలు ఖాళీలకు. పేపర్లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా మిగలకూడదు.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏది కొనాలి, ఏది వద్దు

ఇప్పుడు పుస్తకాల సంగతి. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటే ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. తక్కువ డబ్బుతో చదువుకునేవాళ్లకు అది పెద్ద వరం. కానీ లా పుస్తకం విషయంలో కవర్ చూసి బేరమాడకండి. ముందు లోపలి పేజీ తిప్పి ప్రింటయిన సంవత్సరం చూడండి.

మెంటల్ ఎబిలిటీ, అంకగణితం, చరిత్ర పుస్తకాలు పాతవైనా పర్వాలేదు. శాతాలు, నిష్పత్తులు మారవు కదా. రాజ్యాంగం పుస్తకం కాన్సెప్ట్ కోసం పనికొస్తుంది, కొత్త సవరణలు మాత్రం విడిగా రాసుకోవాలి. ఉదాహరణకు 2019లో ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్ తెచ్చిన 103వ సవరణ, చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ కోసం 2023లో వచ్చిన 106వ సవరణ.

జాగ్రత్త పడాల్సింది క్రిమినల్ లా దగ్గర. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఐపీసీలో 511 సెక్షన్లుండేవి, న్యాయ సంహితలో 358. పాత పుస్తకంలో హత్యకు శిక్ష సెక్షన్ 302, ఇప్పుడు 103. చీటింగ్‌కి మన నోట్లో నానిన 420 ఇప్పుడు 318(4). కొత్త చట్టంలో కూడా 302 ఉంది, కానీ అది మతపరమైన మనోభావాలు గాయపరిచే ఉద్దేశంతో అన్న మాటల గురించి. చేతిలోంచి ఫోన్ లాక్కుపోయే స్నాచింగ్‌కి 304 అని విడిగా సెక్షనొచ్చింది. పాత గైడ్ బట్టీ పట్టినవాళ్లు ఈ ప్రశ్నలకు పూర్తి కాన్ఫిడెన్స్‌తో తప్పు పెడతారు.

వినియోగదారుల రక్షణ చట్టం కూడా అంతే. 1986 నాటిది పోయి 2019 నాటిది వచ్చింది. డౌటొస్తే ఫోన్లో కేంద్ర ప్రభుత్వ ఇండియా కోడ్ సైట్ తెరవండి. కేంద్ర చట్టాలు ఉచితంగా చదువుకోవచ్చు.

నాంపల్లి కోర్టులో ఒక పూట

ఆబిడ్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే నాంపల్లి క్రిమినల్ కోర్టులున్నాయి. మన దేశంలో కోర్టు విచారణ మామూలుగా బహిరంగమే, ఎవరైనా వెళ్లి వెనక కూర్చుని వినొచ్చు. రహస్య విచారణ జరిగే కేసులుంటే బయటికి వచ్చేయాలి. ఫోన్ ఆఫ్ చేయండి, రికార్డింగ్ చేయొద్దు. ఆదివారం సెలవు కాబట్టి మీకు వీలున్న ఇంకో రోజు చూసుకోండి.

దీనివల్ల మార్కులెలా వస్తాయంటారా? అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచడం కళ్లతో చూస్తే ఆర్టికల్ 22లోని 24 గంటల నియమం ఇక మర్చిపోరు. రిమాండ్ వేరు, బెయిల్ వేరు, చార్జిషీట్ వేరు అని ఒక్క పూటలో తెలుస్తుంది.

అక్కడ మీకో తికమక ఎదురవుతుంది. 420, 302 అని పాత సెక్షన్లు ఇంకా వినపడతాయి. ఎందుకంటే 2024 జులై 1 కంటే ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. ఆ పని చేసిన రోజు అమల్లో ఉన్న చట్టం కిందే నేరం మోపాలి, అప్పుడున్న దానికంటే ఎక్కువ శిక్ష వేయకూడదు. ఆర్టికల్ 20(1) చెప్పేది అదే. ఇప్పుడు ఈ ప్రశ్న మీకే: 2024 మేలో మోసం జరిగింది, ఆగస్టులో చార్జిషీట్ వేశారు. ఏ చట్టం కింద శిక్ష? ఐపీసీ. పార్ట్-సిలో సూత్రమిచ్చి, సంఘటనకు అన్వయించమనే ప్రశ్నలకు కావాల్సింది ఈ ఆలోచనే.

వారం ప్లాన్, స్క్రీన్‌షాట్ తీసుకోండి

వారానికి ఒక్క ఫుల్ మాక్ చాలు, గడియారం పెట్టుకుని ఒకే కూర్చునికిలో. మరుసటి రెండు రోజులు కొత్త ప్రశ్నలు ముట్టుకోకుండా నాలుగు గడులు నింపండి. తర్వాతి మూడు రోజులు ఎక్కువ నిండిన గడి మీద పని. 'తెలియదు' గడికి రోజూ 20 నిమిషాలు పేపర్ చదివి, వార్తను ప్రశ్నగా మార్చి రాసుకోండి. 'ఊగాను' గడికి ఆ రెండు ఆప్షన్ల మధ్య తేడా ఒక్క లైన్లో రాయండి. ఏడో రోజు, పోయిన వారం తప్పిన ప్రశ్నలే మళ్లీ చేయండి. అవి మళ్లీ తప్పితే అసలు జబ్బు అక్కడుంది.

షాపులో, బైక్ మీద, ఆఫీసులో పనిచేస్తూ చదివేవాళ్లకు రోజుకు గంటన్నర దొరకడమే కష్టం. ఆ గంటన్నరని ఇంకో మాక్‌కి ఖర్చు పెట్టే ముందు, పాత మాక్‌లో పోయిన మార్కులు వెతకండి. మీ ఆఖరి మాక్‌లో ఏ గడి ఎక్కువ నిండిందో కామెంట్లో రాయండి. ఎక్కువమంది ఏ గడి చెబితే వచ్చే ఎపిసోడ్ దాని మీదే చేద్దాం. ఆల్ ది బెస్ట్, ఉంటాను.