ఇక్కడ సాయిబు, అక్కడ హిందీ

అనంతపురం నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద అర్ధరాత్రి వేళ కొన్ని కార్లను చూడగానే గుర్తుపట్టొచ్చు. పైన తాళ్లతో బిగించిన పెట్టె, దాని మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో పేరు, ఫోన్ నంబరు. డ్రైవరు పక్కన కొత్త చొక్కా తొడుక్కున్న కుర్రాడు. వెనక సీట్లో అమ్మ, నాయన, మేనమామ. దేవనహళ్లి విమానాశ్రయంలో వాణ్ని దింపి, తెల్లారాక ఆ ముగ్గురూ ఎండలో వెనక్కి వస్తారు. పెనుకొండ దగ్గరకు రాగానే అమ్మ కొండ వైపు తిరిగి దువా చేస్తుంది. పోయేటప్పుడూ చేసే ఉంటుంది.

ఆ కొండ కింద బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. ఈ సీమ జనానికి ఆయన పెనుకొండ బాబయ్య. ఆయన ఇక్కడివాడు కాదు. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ సరిహద్దులోని సీస్తాన్‌లో రాజ్యం వదులుకుని, మక్కా మదీనాలు చూసుకుని, గురువును వెతుక్కుంటూ తిరుచిరాపల్లిలోని నత్తర్ వలీ దగ్గరికి చేరాడని కథ చెబుతారు. గురువు ఒక పంటిపుల్ల చేతికిచ్చి, రాత్రి బస చేసిన చోటల్లా దీన్ని నాటు, పొద్దునకు ఎక్కడ చిగురిస్తే అదే నీ ఊరు అన్నాడట. అది పెనుకొండలో చిగురించింది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేలలో ఎండుపుల్ల చిగురు వేసిందంటే, మహిమ అనక తప్పదు!

ఒకప్పుడు దేశాలు దాటి మనిషి ఇక్కడికొచ్చాడు. ఇప్పుడు ఇక్కడి పిల్లలు దేశాలు దాటుతున్నారు. కారణం వానే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనం కోస్తా దాటి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. లక్షల ఎకరాల్లో శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసే అనంతపురం జిల్లా ఇది. కదిరి, హిందూపురం, పెనుకొండ 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయిగానీ, కరువుకు ఆ సంగతి తెలియదు. కదిరి చుట్టుపక్కల, దాన్ని ఆనుకున్న రాయచోటి, కడప వైపు ముస్లిం కుటుంబాల్లో 'కువైట్‌కు పోయినాడు' అన్న మాట 'పొలానికి పోయినాడు' అన్నంత మామూలుగా వినిపిస్తుంది.

ప్రయాణం నేర్పే మొదటి పాఠం విమానం ఎక్కకముందే మొదలవుతుంది. పదో తరగతి పాసవని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడుతుంది. అంటే గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ ముద్ర ఉన్న ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండితేగాని అనుమతి రాదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవలసిన రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఊళ్లలో మధ్యవర్తులు అడిగే లెక్క వేరు. ఆ తేడా అప్పుగా మారి కుర్రాడి కంటే ముందు కువైట్ చేరుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి వీసా రకం. 18వ నంబరుది, అంటే షూన్ వీసా, కంపెనీ పనికి. 20వ నంబరుది, అంటే ఖాదిమ్ వీసా, ఇంటి పనికి. డ్రైవరైనా వంటవాడైనా ఖాదిమ్ వీసా మీద పోయినవాడు ఒక ఇంటికి కట్టుబడిపోతాడు. ఏ వీసా అని అడగకుండా సంతకం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

దిగాక పేరు మారుతుంది. అరబ్బీలో భారతీయుణ్ని 'హిందీ' అంటారు. ఊళ్లో పుట్టినప్పటినుంచీ 'సాయిబు' అనిపించుకున్న కుర్రాడు, ఓటరు జాబితా నుంచి టీకొట్టు దాకా ఆ ఒక్క మాటతోనే గుర్తింపు పొందిన కుర్రాడు, మొదటిసారి అచ్చంగా ఇండియావాడు అవుతాడు. అదీ తోటి ముస్లింల నోటి నుంచి. ఇందులో హాస్యం ఉంది, చురకా ఉంది.

దూదేకుల ఇంటి పిల్లవాడైతే ఈ తిరకాసు ఇంకా చిత్రం. పత్తి ఏకిన వంశం, తల్లిభాష తెలుగు. ఇక్కడ ఉర్దూ రాదని పట్నం సాయిబుల పిల్లలు వెక్కిరిస్తే నొచ్చుకుంటాడు. కువైట్‌లోని ఫర్వానియాలోనో ఖైతాన్‌లోనో ఒకే గదిలో పాకిస్తానీ మేస్త్రీతో, బంగ్లాదేశీ వంటవాడితో కాలం గడిపి ఆ ఉర్దూ నేర్చుకుంటాడు. అన్నం మాత్రం తెలుగోళ్ల గదిలో తింటాడు. అక్కడ కోనసీమ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు, రాయచోటివాళ్లూ ఉంటారు, ఎవరి మతం వారిది. పండగకు రాగి సంగటి ఎట్లా చెయ్యాలన్న తగువే వాళ్ల మధ్య పెద్ద తగువు.

మాటలూ అర్థం మార్చుకుంటాయి. పెనుకొండలో బాబా అంటే మొక్కుకునే పేరు. కువైట్ ఇంట్లో పనివాళ్లు యజమానిని బాబా అంటారు, యజమానురాలిని మామా అంటారు. జీతం ఆ బాబా చేతిలో ఉంటుంది, చాలా ఇళ్లలో పాస్‌పోర్టు కూడా. పనివాడి పాస్‌పోర్టును అతని ఇష్టం లేకుండా యజమాని దాచుకోకూడదనీ, వారానికో సెలవు ఇవ్వాలనీ 2015లో కువైట్ చేసిన ఇంటిపనివాళ్ల చట్టం చెబుతోంది. చట్టం ఉందని తెలిసిన పనివాడు ఎంతమందిలో ఒకడో! పక్కపక్కన నిలబడి నమాజు చేసినంత మాత్రాన ఒప్పందం మారదన్నది ఈ కుర్రాళ్లు చాలా ఖరీదు పెట్టి నేర్చుకునే విషయం. జకాత్ తీసుకునే హక్కున్న ఎనిమిది రకాల మనుషుల్లో దారిలో చిక్కుకున్న బాటసారి ఒకడని మదరసాలో చదివినవాడే, యజమాని దగ్గరి నుంచి పారిపోయి, కాగితాలు లేక, ఆ బాటసారిగా మారిన సందర్భాలున్నాయి. కువైట్ 2018లోనూ 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు విమానాశ్రయాల్లో దిగింది అట్లాంటివాళ్లే. అసలు తిరిగి రానివాళ్లూ ఉన్నారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనం తగలబడి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు ఆంధ్రావాళ్లు.

మసీదులో మరో పాఠం. మన సీమలో దాదాపు అందరూ హనఫీ పద్ధతివాళ్లు. మధ్యాహ్నం దాటాక చేసే అస్ర్ నమాజుకు ఇక్కడ నీడ బాగా సాగాలి, కువైట్‌లో అజాన్ అంతకంటే ముందే వినబడుతుంది. ఒకడు చేతులు గుండె మీద కట్టుకుంటాడు, ఇంకొకడు వదిలేస్తాడు, వరుస వరుసంతా ఆమీన్‌ను గట్టిగా పలుకుతుంది. తను నేర్చుకున్నదే సిసలైన పద్ధతి అనుకున్నవాడికి మొదటి వారం కాలు నిలవదు. కొందరు విశాలమవుతారు. కొందరు గట్టిపడతారు. ప్రయాణం మనిషిని మెత్తబరుస్తుందని రాసేవాళ్లు రెండో రకాన్ని లెక్కలోకి తీసుకోరు.

వీటన్నిటికంటే బరువైనది దూరం. ఆ దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు, జనాజాలతో కొలుస్తారు. ముస్లిం ఇళ్లలో మట్టి ఆలస్యం చెయ్యరు. పొద్దున ప్రాణం పోతే సాయంత్రానికి ఖబరస్తాన్. కువైట్‌లో సెలవు చీటీ దొరికి, టికెట్ దొరికి, బెంగళూరులో దిగి ఊరు చేరేసరికి మట్టి ఆరిపోయి ఉంటుంది. ఇది ఈ కాలపు బాధ మాత్రమే కాదు. ప్రపంచం చుట్టిన ముస్లిం యువకుల్లో పేరు మోసినవాడు ఇబ్న్ బతూతా. 1325లో, 21 ఏళ్ల వయసులో, మొరాకోలోని టాంజియర్ నుంచి హజ్‌కని బయలుదేరి ఢిల్లీలో ఖాజీగిరీ కూడా చేశాడు. తండ్రి చనిపోయిన సంగతి అతనికి దమాస్కస్‌లో తెలిసింది, అదీ 15 ఏళ్లు గడిచాక. 1349లో ఇల్లు చేరబోతుండగా, కొద్ది నెలల కిందటే తల్లి ప్లేగుతో పోయిందని విన్నాడు.

మన హైదరాబాదు కుర్రాడు మహమ్మద్ సిరాజ్ కథ కళ్లముందు జరిగిందే. 2020 నవంబరులో భారత క్రికెట్ జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా, ఆటో నడిపి పెంచిన తండ్రి మహమ్మద్ గౌస్ చనిపోయారు. తిరిగి వెళ్లొచ్చని బోర్డు అన్నా సిరాజ్ ఆగిపోయాడు. డిసెంబరులో మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. జనవరిలో సిడ్నీలో జాతీయ గీతం వినబడుతుంటే ఏడ్చాడు. అదే మైదానంలో ప్రేక్షకుల్లో కొందరు అతణ్ని జాతి పేరుతో దూషించారు. అతను ఊరుకోలేదు, విషయం కెప్టెన్‌కు చెప్పాడు, ఆట ఆగింది. బ్రిస్బేన్‌లో రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. శంషాబాద్‌లో దిగి ఇంటికి పోలేదు, నేరుగా తండ్రి సమాధి దగ్గరికి పోయాడు. ఆ దృశ్యాన్ని టీవీలో చూసిన గల్ఫ్ కుటుంబాలకు క్రికెట్ వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

ఆడపిల్లల సంగతీ చెప్పుకోవాలి. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2011లో, పదిహేను నిండే ప్రాయంలో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ బాక్సింగ్ స్వర్ణం గెలిచింది. 2022 మేలో అదే దేశంలో, ఇస్తాంబుల్‌లో, సీనియర్ ప్రపంచ విజేత అయింది. ఆమె తండ్రి కొన్నేళ్లు సౌదీలో పనిచేసి వచ్చినవారు. ఒకే ఇంట్లో రెండు తరాలు, రెండు రకాల ప్రయాణాలు. తండ్రి పాస్‌పోర్టు బతుకుదెరువుది, కూతురిది పతకానిది. అనంతపురం పల్లెల్లో మాత్రం ముస్లిం ఆడపిల్ల ఒంటరి ప్రయాణం అంటే ఇప్పటికీ, చాలా ఇళ్లలో, కాలేజీ బస్సు దాకానే.

రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చినప్పుడు కుర్రాడి పెట్టెలో అత్తరు, ఖర్జూరాలు, దుప్పట్లు, చెల్లెలికి ఫోను ఉంటాయి. పెట్టెలో కనబడనివీ కొన్ని తెస్తాడు. సెలవులకు ముందు ఉమ్రా చేసుకుని మదీనా చూసి వచ్చినవాడైతే, 1920లలో గుమ్మటాలన్నీ పడగొట్టిన బఖీ శ్మశానాన్ని, రాయి తప్ప గుర్తు లేని సమాధులను చూసి ఉంటాడు. ఇంటికొచ్చి గురువారం దర్గాకు పోదామంటే, 'అది మన దీన్‌లో లేదమ్మా' అంటాడు. 'నువ్వు పోయినప్పటి నుంచి ప్రతి జుమ్మేరాత్ నేను అడిగింది ఆడే రా అబ్బీ' అంటుంది అమ్మ. మాట పెరుగుతుంది. నాయన లేచి బయటికి పోతాడు.

గురువారం సాయంత్రం పెనుకొండ దర్గా బయట ఇట్లాంటి కుర్రాళ్లు కనబడతారు. బండి మీద కూర్చుని, ఫోన్‌లో కువైట్ గదివాళ్లతో మాట్లాడుతూ, అమ్మ చెప్పులు చూసుకుంటూ ఉంటారు. లోపలికి రారు. ఆమె చదివింపు చేయించుకుని కొంగులో మూటగట్టి తెచ్చిన చక్కెరను మాత్రం, చెయ్యి చాపి తీసుకుంటారు.