మీకు తెలుసా? ఎండోస్కోపీ బాగున్నా ముద్ద దిగకపోవచ్చు

గొంతు దాటిన ముద్దను కడుపులోకి నెట్టడం మన చేతుల్లో లేదు; ఆ పని స్వయంచోదిత నాడీవ్యవస్థది. సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహిక కండరాలను నడిపేది వేగస్ నాడి. దీర్ఘకాల మధుమేహం, పార్కిన్సన్స్ వంటి జబ్బుల్లో ఆ వ్యవస్థ దెబ్బతింటే, అంటే డిసాటోనోమియా వస్తే, ముద్ద ఛాతీలో ఆగినట్టుండవచ్చు, నోరు ఎండిపోవచ్చు. ఎండోస్కోపీలో ఏమీ లేదు కదా, అంతా బెంగేనంటారు. బెంగతోనూ గొంతు పట్టేసినట్టుంటుంది, నిజమే. కానీ ఎండోస్కోపీ ముఖ్యంగా చూపేది పుండ్లు, గడ్డలు, ఇరుకు. కండరాల కదలికను కొలిచేది మానోమెట్రీ. ఆ పరీక్ష లేకుండానే రోగి మనసుపై నెపం వేయడం అన్యాయం.

లేచి నిలబడితే కళ్లు తిరగడమూ ఇదే నాడీవ్యవస్థ లోపం వల్ల కావచ్చు; దాన్ని ఎండల మీదికి తోసేయకండి; మింగుడు ఇబ్బందితో పాటు అదీ డాక్టరుకు చెప్పండి. తరచూ పొలమారుతున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయవద్దు.