టేబుల్ సా దుమ్ము: ఊడ్చేసే పొట్టు కంటే గాలిలో తేలే ధూళే ప్రమాదం, ఇంటి వర్క్‌షాపులో దాన్ని పట్టుకోవడం ఎలా?

కారు షెడ్డులోనో, డాబా మీద రేకుల గదిలోనో చిన్న వడ్రంగి వర్క్‌షాపు పెట్టుకున్నవారికి ఇది తెలిసిన దృశ్యమే. టేబుల్ సా మీద రెండు ప్లైవుడ్ షీట్లు కోస్తారు. నేల మీద పడిన రంపపు పొట్టు ఊడ్చేస్తారు. పని అయిపోయిందనుకుంటారు. కానీ చాలాసేపటి తర్వాత కూడా కిటికీలోంచి పడే ఎండలో సన్నటి ధూళి తేలుతూనే ఉంటుంది.

అసలు సమస్య ఆ ధూళితోనే.

అంత ప్రమాదమా?

వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల లోపు ధూళి కణాలు గాలిలో చాలాసేపు తేలుతూ ఊపిరితిత్తుల దాకా వెళ్లగలవు. అంతకంటే పెద్దవి ముక్కులో ఆగిపోతాయి. అయితే అవీ హాని చేయకుండా ఉండవు.

ఇంగ్లండ్‌లో కుర్చీల తయారీకి పేరుపొందిన హై వికమ్ ప్రాంతంలో, ఫర్నిచర్ కార్మికులకు ముక్కు లోపల అరుదైన క్యాన్సర్ వస్తోందని 1960లలో వైద్యులు గుర్తించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ప్లైవుడ్, ఎండీఎఫ్ జిగురులో ఎక్కువగా వాడే ఫార్మాల్డిహైడ్ కూడా ఆ జాబితాలోనే ఉంది. టేకు, రోజ్‌వుడ్ ధూళితో కొందరికి చర్మంపై దద్దుర్లు, దురద వస్తాయి.

గట్టి కలప ధూళి విషయంలో బ్రిటన్ పెట్టిన పరిమితి, 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 3 మిల్లీగ్రాములు. ఇదెంత తక్కువో ఒక లెక్క చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గదిలో దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే గది మొత్తానికీ కలిపి 100 మిల్లీగ్రాముల ధూళి చాలు, ఆ స్థాయికి చేరుకోవడానికి. 18 ఎంఎం ప్లైవుడ్‌ను 8 అడుగుల పొడవునా ఒక్కసారి కోస్తే, 3 ఎంఎం బ్లేడు సుమారు 75 గ్రాముల చెక్కను పొడి చేస్తుంది. అందులో 750వ వంతు గాలిలో తేలినా ఆ అంకె వచ్చేస్తుంది.

దుమ్ము ఎటు నుంచి వస్తుంది?

10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 సార్లు తిరిగితే, దాని పళ్ల వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. పళ్లు చెక్కలోకి పైనుంచి కిందికి దిగుతాయి కాబట్టి ఎక్కువ పొట్టు టేబుల్ కిందికే పోతుంది. అయితే పళ్ల మధ్య సందుల్లో మిగిలిన పొడి బ్లేడుతో పాటు తిరిగి, వెనక నుంచి పైకి వచ్చి, కోసే మనిషి ముఖం వైపే చిమ్ముతుంది. చెక్క అంచును కొద్దిగా చెక్కేటప్పుడు బ్లేడు ఒక పక్క ఖాళీగా ఉంటుంది కనుక ఇది మరింత ఎక్కువ.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లో ఉన్న సూత్రం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. దుమ్మును అది పుట్టే చోటికి వీలైనంత దగ్గరగా పీల్చాలి, ఆ చోటును వీలైనంత మూసి ఉంచాలి అని ఆ సెక్షన్ చెప్పింది. ఇంటి షెడ్డుకు ఆ చట్టం వర్తించి ఉండకపోవచ్చు కానీ, పద్ధతి మాత్రం అదే.

వ్యాక్యూమ్ క్లీనరా, డస్ట్ కలెక్టరా?

రెండింటి బలాలు వేరు. వ్యాక్యూమ్ క్లీనర్ సన్నటి గొట్టంలోంచి కొద్ది గాలిని గట్టిగా లాగుతుంది. డస్ట్ కలెక్టర్ వెడల్పాటి గొట్టంలోంచి ఎక్కువ గాలిని తీసుకుపోతుంది. గొట్టంలో కలప పొట్టు పేరుకుపోకుండా కదలాలంటే గాలి వేగం నిమిషానికి సుమారు 4,000 అడుగులు ఉండాలి. ఆ వేగంతో 4 అంగుళాల గొట్టంలో నిమిషానికి 350 ఘనపు అడుగుల గాలి ప్రవహిస్తుంది. రెండున్నర అంగుళాల గొట్టంలో అది 135 మాత్రమే.

కాబట్టి బ్లేడు చుట్టూ తొడుగు, రెండున్నర అంగుళాల పోర్టు ఉన్న చిన్న పోర్టబుల్ యంత్రానికి మంచి వ్యాక్యూమ్ సరిపోతుంది. కింద పెద్ద పెట్టె ఉన్న యంత్రానికి మాత్రం డస్ట్ కలెక్టరే కావాలి.

ఏ మార్పు ముందు చేయాలి?

దేనికైనా ముందు ప్లగ్గు తీసేయండి.

మొదటిది, కింద ఉన్న ఖాళీలు. వెనక భాగం తెరిచి ఉంటే ప్లైవుడ్ ముక్కతో మూయాలి. సందులకు ఫోమ్ పట్టీ అంటించాలి. అయితే అన్నీ బిగించేస్తే గాలి లోపలికి వచ్చే దారే ఉండదు, పీల్చడమూ ఆగిపోతుంది. బ్లేడు పక్క సందుతో పాటు పోర్టుకు ఎదురుగా ఒక చిన్న రంధ్రం వదలాలి. మోటారు చల్లబడే రంధ్రాలను ఎప్పుడూ మూయకూడదు.

రెండోది, గొట్టం. పొట్టిగా, తిన్నగా, నున్నగా ఉండాలి. మన దగ్గర డ్రైనేజీకి వాడే 110 ఎంఎం పీవీసీ పైపు ఈ పనికి వస్తుంది. 90 డిగ్రీల మలుపు బదులు 45 డిగ్రీలవి రెండు వేస్తే గాలికి అడ్డు తగ్గుతుంది. ముడతల గొట్టం యంత్రం దగ్గర రెండు మూడు అడుగులకే పరిమితం కావాలి.

మూడోది, దారిలో సైక్లోన్ బకెట్. గాలి సుడి తిరిగి పొట్టు బకెట్‌లో పడిపోతుంది. ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు, పీల్చే బలం తగ్గదు.

నాలుగోది, ఫిల్టర్. కలెక్టర్‌తో వచ్చే గుడ్డ సంచి 30 మైక్రాన్లదైతే, ముతక పొట్టును దాచుకొని సన్నటి ధూళిని తిరిగి గదిలోకి వదులుతుంది. అంటే సమస్యను మరింత పెంచుతుంది. 1 మైక్రాన్ ఫిల్టర్, వ్యాక్యూమ్‌కైతే హెపా ఫిల్టర్ మేలు. చలి దేశాల్లో వెచ్చటి గాలి పోకూడదని వడకట్టి లోపలికే వదులుతారు. మనకు ఆ అవసరం లేదు. పొరుగింటి కిటికీ వైపు కాకుండా చూసుకుని కలెక్టర్‌ను బయట, వాన తగలని చోట పెట్టుకోవచ్చు.

చివరిది, బ్లేడు పైన గార్డుకే రెండో గొట్టం తగిలించడం. ముఖం మీదికి వచ్చే ధూళిని ఆపేది ఇదే. దీనికోసం గార్డును, రివింగ్ నైఫ్‌ను తీసేయకూడదు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

టేబుల్ సా ప్లగ్గు తీసి, కలెక్టర్ మాత్రమే వేసి, సన్నటి దారాన్ని బ్లేడు పక్క సందు దగ్గర పట్టుకోండి. అది గట్టిగా లోపలికి లాగాలి. కోత అయ్యాక గది చీకటి చేసి టార్చి వేస్తే, మిగిలిన ధూళి ఆ వెలుగులో కనిపిస్తుంది. ఎంత బాగా అమర్చినా కొంత మిగులుతుంది. అందుకే ఎన్95 మాస్కు ఉండాల్సిందే. చీపురుతో ఊడిస్తే పడుకున్న ధూళి మళ్లీ లేస్తుంది కాబట్టి వ్యాక్యూమ్‌తోనే తీయాలి.

అభిరుచి కోసం వారానికి రెండు గంటలు కోసేవారి పరిస్థితి ఇది. మన ఫ్లాట్లలో ఇంటీరియర్ పనికి వచ్చే వడ్రంగులు చాలాచోట్ల కట్టర్‌ను ప్లైవుడ్ బల్ల కింద తిరగేసి బిగించి, మూసిన గదిలో రోజంతా కోస్తుంటారు. ఆ బల్లకు పోర్టూ ఉండదు, తొడుగూ ఉండదు. మూతికి కట్టిన రుమాలు సన్నటి ధూళిని ఆపదు. కోత పనికి బాల్కనీ లేదా డాబా ఇవ్వడం, ఒక వ్యాక్యూమ్, నాలుగు ఎన్95 మాస్కులు సమకూర్చడం, మొత్తం ఇంటీరియర్ ఖర్చులో లెక్కకు కూడా రాదు.